పాత కారు, డ్రమ్ము బ్రేకులు, మన చేతిపని

ప్రసంగ పాఠం



పక్క హాల్లో వధూవరుల పరిచయ వేదిక నడుస్తోంది. ఎదురు హాల్లో సాయంత్రం సంగీత విభావరికి మైకులు సరిచూస్తున్నారు. కింద భోజనాల దగ్గర గోంగూర పచ్చడి అయిపోవస్తోందని ఇప్పుడే ఒక మిత్రుడు చెప్పి వెళ్ళాడు. ఇవన్నీ వదులుకుని బ్రేకుల గురించి వినడానికి వచ్చిన మీ అందరికీ ముందుగా ధన్యవాదాలు.

నేను వృత్తిరీత్యా మెకానిక్కుని కాను. మీలో చాలామందిలాగే వారమంతా కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. శనివారం పొద్దున్న మాత్రం గరాజులో ఉంటాను. పాత బళ్ళు బాగుచేసుకోవడం పాతికేళ్ళుగా నాకున్న వ్యసనం. మా ఆవిడ దీన్ని వ్యసనమనే అంటుంది, నేను అలవాటంటాను. ఏ పేరుతో పిలిచినా, దానివల్ల తెలిసిన నాలుగు విషయాలు మీతో పంచుకుందామని వచ్చాను.

ఇన్ని సంగతులుండగా బ్రేకులే ఎందుకు అని మీరడగవచ్చు. ఈ దేశంలో మన ఇళ్ళల్లో కారుకి ఒక వంశక్రమం ఉంటుంది. కొత్తలో ఇంటాయన ఆఫీసుకి తీసుకెళ్తాడు. కొన్నేళ్ళకి అది ఇంటావిడ కారవుతుంది. తర్వాత పిల్లవాడికి డ్రైవింగు నేర్పే కారు. ఆపైన ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మేనల్లుడి కారు. చదువు పూర్తయ్యాక అతను దాన్ని జూనియర్‌కి అమ్మేస్తాడు. ఆ జూనియర్ ఇంకో జూనియర్‌కి. అలా లక్షన్నర మైళ్ళు, రెండు లక్షల మైళ్ళు తిరిగిన కొరోలాలు, సివిక్‌లు ప్రతి యూనివర్సిటీ ఊళ్ళోనూ కనిపిస్తాయి.

ఇందులో ఒక చిక్కుంది. అందరికంటే డ్రైవింగు అనుభవం తక్కువున్నవాళ్ళ చేతికే అన్నిటికంటే పాత బండి వెళ్తోంది. మంచు రోడ్డు ఎప్పుడూ చూడని పిల్లలు, కుడివైపు నడపడం కొత్తగా నేర్చుకున్న పిల్లలు నడిపేది ఆ బండినే. ఇంజను చెడితే బండి కదలదు, అంతే. ఏసీ చెడితే చెమట పడుతుంది. బ్రేకు చెడితే మాత్రం ఆ ఇంటికి ఫోను వస్తుంది. అందుకే ఈ ముప్పావు గంటా బ్రేకులకే కేటాయించాను.

డ్రమ్ము లోపల ఏముంది?

ముందు చక్రాలకి ఈ రోజుల్లో దాదాపు అన్ని కార్లకీ డిస్కు బ్రేకులే. పాత చిన్న కార్లలో వెనక చక్రాలకి మాత్రం డ్రమ్ము బ్రేకులు మామూలు. డ్రమ్మంటే బోర్లించిన ఇనప గిన్నె అనుకోండి. అది చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల చంద్రవంక ఆకారంలో రెండు షూలు ఉంటాయి. వాటి బయటి అంచుకి రాపిడి కోసం లైనింగు అంటించి ఉంటుంది. మీరు పెడలు తొక్కగానే బ్రేకు ద్రవం వీల్ సిలిండరులోకి ఒత్తిడి తెస్తుంది, అది షూలని రెండు పక్కలకీ తోస్తుంది, లైనింగు గిన్నె లోపలి గోడకి ఒరుసుకుంటుంది, చక్రం ఆగుతుంది. పెడలు వదిలేస్తే స్ప్రింగులు షూలని వెనక్కి లాగేస్తాయి.

1902లో ఫ్రాన్సులో లూయీ రెనో ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చాడని చరిత్ర చెబుతుంది. నూటపాతికేళ్ళు కావస్తున్నా అది ఇంకా బతికుండటానికి ఒక కారణముంది. తలుపు కింద చెక్కముక్క పెడితే, తలుపు తోసేకొద్దీ ఆ ముక్క ఇంకా బిగుసుకుంటుంది కదా. డ్రమ్ములో ముందువైపు షూ కూడా అలాగే పనిచేస్తుంది. చక్రం తిరిగే తిరుగుడే దాన్ని గోడకేసి ఇంకా నొక్కుతుంది. అందువల్ల మన కాలు తక్కువ బలం పెట్టినా సరిపోతుంది. పైగా హ్యాండ్‌బ్రేకు అమర్చడం డ్రమ్ములో చాలా తేలిక.

దీన్ని పాత చింతకాయ పచ్చడి అనుకోకండి. టయోటా టకోమా ట్రక్కుకి 2023 మోడలు వరకు వెనక డ్రమ్ములే. వోక్స్‌వాగన్ ఐడి.4 కరెంటు కారుకి కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. కరెంటు కార్లలో మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకుల వాడకం తక్కువ. వాడని డిస్కు తుప్పు పడుతుంది, మూసి ఉన్న డ్రమ్ముకి ఆ బాధ తక్కువ.

ఇక దీని లోపం. వేడెక్కితే ఇనుము వ్యాకోచిస్తుంది. డ్రమ్ము వేడెక్కితే దాని వ్యాసం పెరిగి గోడ షూకి దూరం జరుగుతుంది. కాలు ఇంకా లోతుకి తొక్కాలి. తిరుమల కొండ మీంచి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు డ్రైవర్లు తక్కువ గేరులో ఎందుకు దిగుతారో మీకు తెలుసు. కొలరాడోలో పైక్స్ పీక్ దిగేవాళ్ళని దారి మధ్యలో ఆపి బ్రేకుల వేడి కొలిచి చూస్తారు. కొండ ఏ దేశంలో ఉన్నా సూత్రం ఒకటే: దిగేటప్పుడు బ్రేకుని అదేపనిగా తొక్కి పట్టుకోకూడదు, గేరు తగ్గించాలి.

అడ్జస్టుమెంటు ఎందుకు?

లైనింగు రోజూ కాస్త కాస్త అరుగుతుంది. అరిగినకొద్దీ షూకీ గోడకీ మధ్య సందు పెరుగుతుంది. సందు పెరిగితే పెడలు లోతుకి దిగుతుంది, హ్యాండ్‌బ్రేకు లివరు పైపైకి వస్తుంది. ఈ సందుని మళ్ళీ దగ్గర చేయడమే అడ్జస్టుమెంటు.

ఇది మనకి కొత్త కాదు. మన ఇళ్ళల్లో బజాజ్ చేతక్ ఉన్న రోజుల్లో వెనక బ్రేకు వదులైతే నాన్నగారో పెదనాన్నగారో వాకిట్లో కూర్చుని స్పానరుతో నట్టు రెండు చుట్లు తిప్పేవారు. అంబాసిడర్లకి వీధి చివర మేస్త్రీ అదే పని చేసేవాడు. కార్లలో తర్వాత తనంతట తనే సర్దుకునే ఏర్పాటు వచ్చింది. షూల మధ్య ఒక మరచుట్ల కడ్డీ, దాని మీద చిన్న పళ్ళ చక్రం ఉంటాయి. దీన్నే స్టార్ వీల్ అంటారు. సందు పెరిగినప్పుడు ఒక చిన్న లివరు ఆ పళ్ళ చక్రాన్ని ఒక పన్ను ముందుకు తోస్తుంది. కొన్ని బళ్ళలో ఇది మామూలుగా బ్రేకు తొక్కినప్పుడే జరుగుతుంది. కొన్నిట్లో వెనక్కి నడుపుతూ తొక్కితే, కొన్నిట్లో హ్యాండ్‌బ్రేకు లాగితే జరుగుతుంది. మీది ఏ రకమో రిపేరు మాన్యువల్లో ఉంటుంది.

అయితే మనం హ్యాండ్‌బ్రేకు లాగుతామా? ఆటోమేటిక్ బండి, పి లో పెడతాం, దిగిపోతాం. పి లో పెట్టినప్పుడు బండిని పట్టి ఉంచేది గేరుబాక్సులోని ఒక చిన్న ఇనప కొక్కెం మాత్రమే. హ్యాండ్‌బ్రేకు ముట్టుకోకపోతే బరువంతా దాని మీదే పడుతుంది. అంతేకాదు, హ్యాండ్‌బ్రేకుతో సర్దుకునే రకమైతే అడ్జస్టరు ఏళ్ళ తరబడి కదలదు. చలి రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కదలని ఇనుముకి ఉప్పునీళ్ళు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటి సలహా పైసా ఖర్చు లేనిది: రోజూ హ్యాండ్‌బ్రేకు లాగండి. తడిసిన బండిని గడ్డకట్టే చలిలో రాత్రంతా నిలిపేటప్పుడు మాత్రం మినహాయింపు. అప్పుడు షూ డ్రమ్ముకి అతుక్కుపోవచ్చు.

బండి చెప్పే మాటలు

బ్రేకు చెడే ముందు చాలాసార్లు చెప్పే చెడుతుంది. వినడమే మన పని.

పెడలు ఒకసారి తొక్కితే కిందికి దిగి, వెంటనే మళ్ళీ తొక్కితే పైన ఆగిందంటే వెనక షూల సందు పెరిగి ఉండవచ్చు. తొక్కితే ఇడ్లీ మీద వేలు పెట్టినట్టు మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరి ఉండవచ్చు. సిగ్నలు దగ్గర తొక్కి పట్టుకున్నప్పుడు పెడలు నెమ్మదిగా కిందికి జారుతుంటే ద్రవం కారుతోందనో, మాస్టర్ సిలిండరు లోపల సీళ్ళు పోయాయనో అర్థం. అది సర్దుకునే జబ్బు కాదు, బండిని అక్కడే ఆపాలి. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే వీల్ సిలిండరు కారుతోంది. బ్రేకు ద్రవం పీల్చుకున్న లైనింగుని కడిగి వాడకూడదు, మార్చాల్సిందే.

ఇక్కడ ఒక ఉదాహరణ చెబుతాను. రెండేళ్ళ కిందట చలికాలంలో మా ఊరి యూనివర్సిటీలో చదివే ఒక అబ్బాయి ఫోను చేశాడు. అతని దగ్గర 2005 కొరోలా ఉంది.

"అంకుల్, హ్యాండ్‌బ్రేకు చివరిదాకా లాగితే గానీ పట్టట్లేదని షాపులో చూపించాను. కేబుల్ బిగించి ఇచ్చారు. వారం బాగానే ఉంది. ఇప్పుడు వెనక ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది. రేపు ఇంటర్వ్యూకి వెళ్ళాలి, నాతో ఇంకో ముగ్గురు వస్తున్నారు."

"బండి తియ్యకు బాబూ. ఉన్నచోటే ఉంచు, నేనే వస్తాను."

చక్రాలు చల్లారాక బండిని మా గరాజుకి నెమ్మదిగా తెచ్చి రెండు డ్రమ్ములూ విప్పి చూశాం. వాసన వచ్చింది ఎడమవైపు. జబ్బు కుడివైపు. కుడి చక్రంలో అడ్జస్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అక్కడ లైనింగు అరిగినా సందు సర్దుకోలేదు. అందువల్లే లివరు అంత ఎత్తుకు వచ్చింది. షాపువాళ్ళు ఆ చక్రం విప్పి చూడకుండా రెండు చక్రాలకీ వెళ్ళే కేబుల్ని బిగించేశారు. ఆరోగ్యంగా ఉన్న ఎడమ షూలు దాంతో ఎప్పుడూ కాస్త పట్టుకునే ఉన్నాయి, ఒరుసుకుని కాలాయి. బిగుసుకుపోయిన కుడివైపు షూలు మాత్రం ఇంకా గోడకి దూరంగానే ఉన్నాయి.

కేబుల్ని పూర్తిగా వదులుచేశాం. కుడి అడ్జస్టరు తీసి, తుప్పు వదిలించి, మరచుట్లకి వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు పలచగా రాశాం. షూలు రెండు చక్రాలకీ కలిపి కొత్తవి వేశాం. ముందు పళ్ళ చక్రాలు సర్ది, చివర్లో కేబుల్ సర్దాం. ఆ అబ్బాయి ఇంటర్వ్యూ ఫోన్లో చేశాడు. ఉద్యోగం అప్పుడు రాలేదు, తర్వాత ఇంకో చోట వచ్చింది. నలుగురు పిల్లలు ఆ బండిలో హైవే ఎక్కలేదు, నాకు అది చాలు.

ఈ ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, నా ప్రసంగం సారాంశమంతా అందులోనే ఉంది. అడ్జస్టుమెంటు జబ్బుని కప్పిపుచ్చడానికి వాడకూడదు. తనంతట తను సర్దుకోవాల్సిన బ్రేకు సర్దుకోలేదంటే లోపల ఒక కారణముంది. ముందు డ్రమ్ము విప్పి చూడాలి, తర్వాతే సర్దాలి. ముందు షూలు, తర్వాత కేబుల్. ఈ వరస తప్పకూడదు.

ఇంట్లో చేసే పద్ధతి

మొదట మీ బండి మాన్యువల్ సంపాదించండి. హేన్స్, చిల్టన్ మాన్యువళ్ళు చాలా లైబ్రరీల్లో దొరుకుతాయి. టార్కు రెంచిలాంటి పరికరాలు కొనక్కర్లేదు, పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాల్లో కొన్ని డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి.

బండిని సమంగా ఉన్న కాంక్రీటు నేల మీద పెట్టండి. వాలు డ్రైవ్‌వే పనికిరాదు. ముందు చక్రాలకి రెండు పక్కలా చెక్క అడ్డులు పెట్టండి. ముందు చక్రాలతో నడిచే కారైతే గేరు పి లో ఉంచండి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించండి. వెనక చక్రాలతో నడిచే ట్రక్కుకి పని చేసేటప్పుడు చక్రం తిరగాలంటే న్యూట్రల్‌లో పెట్టాలి, కాబట్టి అక్కడ అడ్డులు మరీ ముఖ్యం. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చెయ్యండి. జాకీతో ఎత్తి, మాన్యువల్లో చూపించిన చోట జాక్ స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుని మిగతాదంతా మర్చిపోయినా నా ప్రసంగం వృథా కాదు.

చక్రం తీశాక డ్రమ్ము రాకపోతే సుత్తితో విరగ్గొట్టకండి. చాలా టయోటా డ్రమ్ములకి ముఖం మీద రెండు మరచుట్ల రంధ్రాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు పెట్టి, ఒక చుట్టు ఇదీ, ఒక చుట్టు అదీ బిగించుకుంటూ పోతే డ్రమ్ము దానంతట అదే బయటికొస్తుంది. అప్పటికీ రాకపోతే లోపల అరిగిన గాడి అంచుకి షూ తట్టుకుంటోందన్నమాట. వెనక పలక మీది రబ్బరు బిరడా తీసి, అడ్జస్టరు వెనక్కి తిప్పి సందు పెంచాలి.

విప్పాక నాలుగు చూడండి. లైనింగు మందం: మాన్యువల్లో కనీసం ఎంతుండాలో రాసి ఉంటుంది, చాలా చిన్న కార్లకి అది 1 మిల్లీమీటరు. ఆ దరిదాపుల్లో ఉంటే మార్చెయ్యండి. డ్రమ్ము లోపలి వ్యాసం: గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది, దాటితే అది పాత ఇనుమే. వీల్ సిలిండరు రబ్బరు తొడుగుల దగ్గర తడి. పళ్ళ చక్రం వేలితో తిరుగుతోందా లేదా. రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ఒక పక్క పని పూర్తయ్యేదాకా రెండోది మీకు నమూనా. ఎడమ అడ్జస్టరు, కుడి అడ్జస్టరు మరచుట్లు వేరు. తారుమారైతే దగ్గర చెయ్యాల్సింది దూరం చేస్తుంది.

ఇక సర్దడం. డ్రమ్ము పెట్టి, రంధ్రం లోంచి స్క్రూడ్రైవరుతో పళ్ళ చక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పండి. డ్రమ్ము తిరగకుండా పట్టేసేదాకా తిప్పి, అక్కణ్ణించి మాన్యువల్లో చెప్పినన్ని పళ్ళు వెనక్కి తిప్పాలి. కొన్ని టయోటా మాన్యువళ్ళలో 8 పళ్ళు అని ఉంటుంది. వెనక్కి తిప్పేటప్పుడు రెండో సన్నటి స్క్రూడ్రైవరుతో ఆ చిన్న లివరుని పక్కకి ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే పళ్ళు అరిగిపోతాయి. రెండు చక్రాలూ చేత్తో తిప్పితే ఒకేలా తిరగాలి. సన్నగా ఒరిపిడి చప్పుడు వినిపించినా పరవాలేదు, బరువుగా తిరిగితే మాత్రం ఎక్కువ బిగించినట్టే. నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి షూలు మధ్యకి సర్దుకున్నాక మళ్ళీ ఒకసారి చూడండి. ఆ తర్వాత హ్యాండ్‌బ్రేకు ఎన్ని క్లిక్కులకి పడుతోందో లెక్కపెట్టి, అవసరమైతేనే కేబుల్ ముట్టుకోండి.

చక్రం నట్లు నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించండి. కొరోలాకి 76 ఫుట్-పౌండ్లు. బండి కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కండి. షూలు దూరంగా ఉన్న బండిని మొదటి తొక్కులోనే ఆపాలనుకుంటే గరాజు తలుపు కొత్తది కొనుక్కోవాలి. ముందు డ్రైవ్‌వేలో, తర్వాత ఇంటి ముందు వీధిలో నెమ్మదిగా పరీక్షించండి. యాభై, వంద మైళ్ళు తిరిగాక నట్లు మళ్ళీ చూసుకోండి.

దుమ్ము జాగ్రత్త

డ్రమ్ము విప్పితే నల్లటి దుమ్ము ఉంటుంది. ఊదకండి, కంప్రెసరు గాలి కొట్టకండి, చీపురుతో తుడవకండి. గత శతాబ్దంలో బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. దాన్ని నిషేధిస్తూ 1989లో ఈ.పి.ఎ. తెచ్చిన నిబంధనని 1991లో కోర్టు చాలావరకు కొట్టేసింది. క్రిసొటైల్ రకం ఆస్బెస్టాస్ మీద 2024 మార్చిలో మళ్ళీ నిషేధం ప్రకటించారు. అంటే మధ్యలో ఎక్కడెక్కణ్ణించో వచ్చిన షూలు పాత బండిలో ఉండి ఉండవచ్చు. కళ్ళతో చూసి చెప్పలేం. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. సన్నగా నీళ్ళు చిలకరించి, దుమ్ము తడిశాక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూటకట్టి పారెయ్యాలి. పిల్లలకి పని చూపించడం మంచిదే గానీ, ఈ దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం వాళ్ళని లోపలికి పంపండి.

ఎక్కడ ఆగాలి?

అన్నీ మనమే చెయ్యాలని నేననడం లేదు. ద్రవం కారుతున్నా, ఉక్కు గొట్టాలు తుప్పుపట్టినా, ఏబీఎస్ దీపం వెలుగుతున్నా మంచి మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి. కానీ తెలిసిన మనిషిగా వెళ్ళండి. "బ్రేకు బాగాలేదు, చూడండి" అని చెప్పడానికీ, "రెండోసారి తొక్కితే పెడలు పైకి వస్తోంది, కుడి అడ్జస్టరు కదలడం లేదనిపిస్తోంది" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. మంచి మెకానిక్కు రెండో మాటని గౌరవిస్తాడు. పాత భాగాలు తిరిగి ఇమ్మని అడగండి.

ఇంకొన్ని ఇంటిపనులు క్లుప్తంగా. బ్రేకు ద్రవం గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం 140 డిగ్రీలకే పడిపోతుంది. అందుకే రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. మూత తీసి నెలలయిన సీసా వాడకండి. ఆ డబ్బాలో ఇంజనాయిలు పొరపాటున కూడా పొయ్యకండి, రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి. టైరు గాడిలో పెన్నీ తలకిందులుగా పెడితే లింకన్ తల పూర్తిగా కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, పాత బండి కొన్న రోజే దాని 17 అక్షరాల విన్ నంబరుని ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. వెబ్‌సైటులో వేసి రీకాల్సు చూడండి. టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ ఈ దేశ చరిత్రలోకెల్లా పెద్దది, సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు అందులో ఉన్నాయి. 2000ల నాటి కొరోలాలు, సివిక్‌లు ఎన్నో ఆ జాబితాలో ఉన్నాయి. ఆ ఎయిర్‌బ్యాగు డీలరు దగ్గర ఉచితంగా మారుస్తారు. బండి నాలుగు చేతులు మారేసరికి ఆ ఉత్తరాలు పాత చిరునామాలకే వెళ్తూ ఉంటాయి.

మన చేతులు

చివరిగా ఒక మాట. చదువుకున్నవాడు చేతికి మసి అంటించుకోకూడదన్న భావం మనతో పాటు విమానమెక్కి వచ్చింది. విజయవాడ ఆటోనగర్లో లారీ కింద పడుకుని పనిచేసే మేస్త్రీకి ఉన్న తెలివి మన డిగ్రీలకి తక్కువది కాదు. చప్పుడు విని జబ్బు చెప్పగలవాడు అతను. ఈ దేశంలో రిటైరైన ప్రొఫెసరు తన ఇంటి కప్పు తనే బాగుచేసుకోవడం చూశాం. దాన్ని మెచ్చుకున్నాం కూడా. ఆ పక్కింటాయన్ని చూసి మనం లాన్ కొయ్యడం నేర్చుకున్నాం, బ్రేకులు చూడటం కూడా నేర్చుకోవచ్చు. అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకీ నేర్పండి. రాత్రి పదకొండింటికి హైవే మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఆ వాసన ఏమిటో తెలియాల్సింది వాళ్ళకే.

మీకు నా విన్నపాలు రెండు. మొదటిది: ప్రతి కారుకీ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ మైలు దగ్గర ఏం మార్చారు, లైనింగు ఎంత మిగిలింది, హ్యాండ్‌బ్రేకు ఎన్ని క్లిక్కులకి పట్టింది, అన్నీ రాయండి. మనకి జాతకాలు రాయించడం అలవాటే కదా, బండికీ ఒకటి రాయండి. ఇది గ్రహాలతో పనిలేని జాతకం, కాబట్టి తప్పకుండా నిజమవుతుంది. బండి ఇచ్చేటప్పుడు తాళంతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.

రెండోది: విద్యార్థులుండే అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల పార్కింగులో రిపేర్లు చెయ్యకూడదని లీజులోనే రాసుంటుంది. వాళ్ళకి చోటు లేదు, పరికరాలు లేవు, చూపించేవాళ్ళు లేరు. మనకి గరాజులున్నాయి. చలికాలం మొదలయ్యే ముందు, అక్టోబరులో ఒక్క శనివారం మన గరాజు తలుపు తెరుద్దాం. రెండు జాక్ స్టాండ్లు, ఒక టార్కు రెంచి, ఒక కుండెడు ఉప్మా. ఊరికి పదిమంది పిల్లల బళ్ళు చూసినా, పది ఇళ్ళకి ఆ ఫోను రాకుండా చూసినవాళ్ళమవుతాం. మేనల్లుడికి బండి ఇచ్చిన మామయ్య బాధ్యత తాళం చేతిలో పెట్టడంతో తీరిపోదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, చేతులకి మసి అంటగానే సబ్బుతో కడుక్కోవడం మేలు. మా ఊరికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఈ సభ అయ్యాక నా దగ్గరకొచ్చి పేరు రాయించుకోండి. మొదటి శనివారం మా గరాజులోనే.

 ఇక ప్రశ్నలడగండి. గోంగూర పచ్చడి మళ్ళీ వచ్చిందట, కాబట్టి క్లుప్తంగా అడగండి.